విప్పని కట్టలు

డాక్టరు చలపతిరావు పోయి నాలుగేళ్ళయింది. అయినా నూకరాజు ఆయన్ని తిట్టడం మానలేదు. బతికున్నవాణ్ణి తిడితే ఏనాటికైనా ఎదురుపడి జవాబు చెబుతాడేమోనని ఒక ఆశ ఉంటుంది. చచ్చినవాణ్ణి తిట్టడంలో ఆ సుఖమూ లేదు. కానీ ఇరవయ్యేడేళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది? గిలకలదిండి రేవులో వల బాగుచేస్తూ కూర్చున్నప్పుడు పక్కన ఎవరు చేరినా సరే, రెండో ముడి పడేలోపు మాట గుడివాడ చేరేది. చెల్లెల్ని చంపాడు, రెండెకరాలు పోగొట్టాడు, పేరుకి డాక్టరు అనేవాడు నూకరాజు. వినేవాళ్ళకి మిగతాది తెలుసు. టీకొట్టు సత్తిబాబుకైతే మొత్తం కంఠతా వచ్చు.

ఆ సత్తిబాబే ఒకరోజు ఇద్దరు పట్నం మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఒకాయన డైరెక్టరు, పేరు జయకృష్ణ. రెండో మనిషి ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి, యశస్విని. నూట ఇరవై ఏళ్ళ కిందట బందరులో ఒక ఆసుపత్రి, అందులో ఒక సర్జను, ఆయన చుట్టూ నర్సులూ నౌకర్లూ రోగులూ, ఈ కథంతా పది భాగాలుగా టీవీ కోసం తీస్తున్నారట. ఊళ్ళో ఇంగ్లీషువాళ్ళ కాలంనాటి బంగళా ఒకటి అద్దెకి తీసుకుని ఆసుపత్రిలా మార్చారు. కరెంటు లేని రోజుల్లో ఆపరేషన్లు ఎలా చేసేవారో, కత్తులు ఎలా ఉడకబెట్టేవారో, కుట్లు ఎలా వేసేవారో చేతులతో చేసి చూపించే మనిషి కావాలి వాళ్ళకి.

"మా నూకరాజు బావ గుడివాడలో పదకొండేళ్ళు థియేటర్లో చేశాడండీ," అన్నాడు సత్తిబాబు. "మీరు అడక్కపోయినా చెబుతాడు. ఆపమన్నా ఆపడు. అదొక్కటే ఇబ్బంది."

నూకరాజు చదువు ఏడో తరగతిలో ఆగింది. డెబ్బై ఏడు ఉప్పెనలో తండ్రి పడవతో సహా పోయాడు. అప్పుడు వాడికి ఆరేళ్ళు, చెల్లెలు కుమారికి రెండు. తల్లి పాపాయమ్మ హంసలదీవి దగ్గరి పాలెం నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని కోడూరు దాకా నడిచి అమ్మేది. కొన్నాళ్ళు బడికెళ్ళి, తర్వాత మానేసి, పిల్లాడు ఆమె వెనకాలే తిరిగి చేపలు ఎంచి ఇచ్చేవాడు. పాపాయమ్మ గంప దగ్గర కొసరు అడగక్కర్లేదని చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెకి పేరు. ఆ పేరుతోనే ఇద్దర్నీ పెంచింది. మీసాలు రాని వయసులోనే ఎవరో చెప్పగా నూకరాజు గుడివాడ వెళ్ళి చలపతిరావు గారి నర్సింగ్ హోంలో వార్డు బాయ్‌గా చేరాడు.

చేరిన ఏడాదికే థియేటర్లోకి తీసుకున్నాడు డాక్టరు. కారణం వాడి చేతులు. వల అల్లిన వేళ్ళకి సన్నపని చెప్పక్కర్లేదు. ఆపరేషనులో రక్తం అద్దే పల్చటి గాజుగుడ్డ తాను తెచ్చి జానెడు ముక్కలు చేయాలి. పోగు బయటికి రాకుండా అంచులు లోపలికి మడవాలి. పదేసి ముక్కలు ఒక కట్టగా తెల్లగుడ్డలో చుట్టి ముడి వేసి, నికెలు డ్రమ్ములో పెట్టి ఆవిరికి ఎక్కించాలి. ఇదంతా నూకరాజు పని. ముడి మాత్రం వాడిది వల ముడి. చూడ్డానికి చిన్నదే గానీ ఒక కొస తెలిసి లాగితే తప్ప ఊడదు. నీ ముడి విప్పడానికే నాకు సగం ఆపరేషను పడుతోందిరా అని డాక్టరు నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే నూకరాజుకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అప్పట్లో ఆ నవ్వు కోసం ప్రాణం ఇచ్చేవాడు.

షూటింగులో వాడికి మంచి గౌరవమే దొరికింది. సర్జను వేషం వేసిన హీరోకి ఉత్తుత్తి రక్తం చూసినా చెమటలు పట్టేవి. చేతులు దగ్గరగా చూపించాల్సిన చోటల్లా నూకరాజు చేతులే తీశారు. రబ్బరు పొట్ట మీద కత్తిగాటు పెట్టడం, నరాన్ని పట్టకారుతో పట్టడం, దారం కొరికి సూదిలో ఎక్కించడం. థియేటర్లో దారం ఎవరూ కొరకరని నూకరాజు గొడవ చేసి ఆ ఒక్కటీ తీయించేశాడు. మూతి మీద జల్లెడలాంటి తొడుగు పెట్టి క్లోరోఫాం చుక్కలు వేయడం వాడికీ తెలియదు. తెలియదనే చెప్పాడు. జయకృష్ణకి అది నచ్చింది. ఈ రోజుల్లో తెలియదని చెప్పేవాడు దొరకడు అన్నాడు.

భోజనాల దగ్గర యశస్విని పళ్ళెం పట్టుకొచ్చి పక్కన కూర్చునేది. పెదపారుపూడి పిల్ల, రైతు బిడ్డ. ఏ సీనులో ఏ వస్తువు ఎక్కడుందో, గ్లాసులో నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో, మళ్ళీ తీసేటప్పుడు తేడా రాకుండా రాసిపెట్టుకోవడం ఆమె ఉద్యోగం. కథ రాయడంలోనూ చెయ్యి వేస్తుంది. ఆమె అడిగింది, నూకరాజు చెప్పాడు. సత్తిబాబు అన్నట్టు ఆపలేదు.

తొంభై ఎనిమిదిలో కుమారికి కడుపులో గడ్డ అన్నారు. ఇరవై మూడేళ్ళ పిల్ల, పెళ్ళయి మూడేళ్ళ కొడుకున్నాడు, నరేంద్ర. మొగుడు ఏడుకొండలు బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. నూకరాజే వెళ్ళనివ్వలేదు. మా డాక్టరు గారి హస్తవాసి నీకు తెలియదు బావా, నేను పక్కనే ఉంటానుగా అని గుడివాడ రప్పించాడు. బల్ల మీదికి ఎక్కేముందు కుమారి కూడా అదే అడిగింది, అన్నయ్యా నువ్వు లోపలే ఉంటావుగా అని. ఉంటానన్నాడు. తీరా డాక్టరు వచ్చి, అయినవాళ్ళు లోపల ఉంటే చెయ్యి వణుకుతుంది, నీది కాదురా, నాది, అని వాణ్ణి బయటికి పంపించేశాడు.

లోపల ఒక ఇనప స్టాండు ఉండేది, దానికి పది కొక్కేలు. వాడిన గాజుగుడ్డని కొక్కేనికి ఒకటి చొప్పున తగిలిస్తారు. కొక్కేలన్నీ నిండితే లోపల ఏమీ ఉండిపోలేదని లెక్క, అప్పుడు పొట్ట మూస్తారు. అది కూడా ఎప్పుడూ నూకరాజు పనే. ఆరోజు మాత్రం కాంపౌండరు జ్ఞానయ్య తగిలించాడు. ఒక్క కట్టే విప్పారు. పది కొక్కేలూ నిండాయి. మూసేశారు.

ఇరవై రోజులకి జ్వరం పట్టుకుంది. నెల తిరిగేసరికి బెజవాడలో ఇంకో ఆసుపత్రిలో మళ్ళీ కోశారు. లోపల పేగుల మధ్య గాజుగుడ్డ ముక్క, కుళ్ళిపోయి. మూడో రోజు కుమారి పోయింది.

పాలెంలో పెద్దలు కూర్చున్నారు. చలపతిరావు కారులో వచ్చాడు. ఎక్కువ మాట్లాడలేదు. కొక్కేలు పది నిండాయి, కట్ట కట్టింది నూకరాజు, అంతే అన్నాడు. అంటే కట్టలోనే ఎక్కువ పెట్టాడని. నూకరాజు ఇసకలో నిలబడి అరిచాడు. ఆరోజు నేను నాలుగు కట్టలు కట్టాను, ఒకటి విప్పారు, మూడు డ్రమ్ములో ఉన్నాయి, తెప్పించండి, అందరి ముందూ విప్పండి, ఒక్కదాంట్లో పదికి మించి ఉంటే నన్ను కోసి సముద్రంలో పారేయండి అన్నాడు. డాక్టరు కారు తలుపు తీశాడు. తర్వాత, అవి లేవు అని కారెక్కాడు.

డాక్టరు మీదికి ఎవరు పోతారు? రేపు కడుపునొప్పి వస్తే మళ్ళీ ఆయన గుమ్మమేగా. ఆపరేషను డబ్బు తిరిగిచ్చేశాడు, ఆయన వంతు అయిపోయింది. తీసుకెళ్ళింది వీడు, కట్ట కట్టింది వీడు, కాబట్టి తండ్రి మిగిల్చిన పొలం కుమారి కొడుకు పేరు మీద రాసివ్వాలని తీర్పు చెప్పారు. నూకరాజు వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. ఆ రోజు నుంచి ఏడుకొండలుతో మాట లేదు. పొలం లేనివాడికి పిల్లనెవరిస్తారు? పెళ్ళీ లేదు. గుడివాడ మళ్ళీ తొక్కలేదు, పొట్ట కోసం గిలకలదిండి రేవు చేరాడు. వాడికి మిగిలింది ఒక్క పాపాయమ్మ. ఆవిడ కొడుకుని ఒక్కమాట అనలేదు. రోజూ పొద్దున్నే సముద్రం వైపు తిరిగి డాక్టర్ని శపించాకే గంప ఎత్తేది.

"ఆ మూడు కట్టలూ నా సాక్షులమ్మా," అన్నాడు నూకరాజు యశస్వినితో. "దాచేశాడు. విప్పితే దొరికిపోతాననేగా?"

ఆ పిల్ల అన్నం తినడం ఆపి విన్నది. వారం తిరిగేసరికి సీరియల్లో కొత్త సీను పుట్టింది. డబ్బుకి తొందరపడే పెద్ద డాక్టరు ఒక ఆడమనిషి కడుపులో గుడ్డ మర్చిపోతాడు. నేరం థియేటరు నౌకరు మీదికి నెడతాడు. కొన్నాళ్ళకి మంచి సర్జను పాత కట్టలు తెచ్చి అందరి ముందూ విప్పి, నౌకరు నిర్దోషి అని తేలుస్తాడు. కాగితం మీద చదివి వినిపిస్తే నూకరాజు లేచి బయటికెళ్ళి పంపు దగ్గర ముఖం కడుక్కొచ్చాడు. పాలెం పెద్దలు ఇవ్వనిది, ఈ చిన్నపిల్ల ఇస్తోంది. రేపు ఊరూరా, ఇంటింటా చూస్తారు.

ఆ సీను తీయడానికి ముందురోజు గుడివాడ నుంచి వ్యాను వచ్చింది. సామాన్లు సమకూర్చేవాళ్ళు పాత డాక్టర్ల ఇళ్ళన్నీ తిరిగి పనికొచ్చేవి పోగుచేస్తున్నారు. చలపతిరావు భార్య సరోజిని గారు ఒక ట్రంకుపెట్టె ఇచ్చిందట. పట్టకార్లూ, గాజు సిరంజీలూ, వాటితో పాటు నికెలు డ్రమ్ము. ఆయన బతికుండగా ఈ డ్రమ్ము ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, ఎందుకో నాకూ చెప్పలేదు, పాత సామానంటే ప్రేమ కాబోలు అందట ఆవిడ.

నూకరాజు మూత తీశాడు. తెల్లగుడ్డ పాత పంచెలా పచ్చబడింది. మూడు కట్టలు. మూడింటికీ వల ముడి.

ఎవరూ విప్పలేదు. డాక్టరూ విప్పలేదు.

వాడు అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఏడవలేదు. నవ్వాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు భయపడేలా నవ్వాడు. యశస్విని ఫోను తీసుకుని, ఎన్నేళ్ళుగానో మనసులోనే నొక్కుతున్న ఒక నంబరు నొక్కాడు. ఊళ్ళో గోడల మీద చూసి కంఠతా పట్టిన నంబరది, మేనల్లుడి రొయ్యల వ్యాపారం ప్రకటనలోది. ఎత్తింది ఏడుకొండలే.

"బావా. నేను నూకరాజుని. కట్టలు దొరికాయి."

అవతల చెరువు మోటారు ఆపిన చప్పుడయింది. తర్వాత ఏడుకొండలు అడిగాడు.

"విప్పావా?"

"లేదు. నువ్వొచ్చాకే."

"వస్తున్నా."

అమ్మకి కూడా కబురు పెట్టించాడు. జయకృష్ణ ఇది విని, ఎలాగూ కట్టలు విప్పే సీనే కదా, నిజం కట్టలే విప్పుదాం, నీ చేతులు దగ్గరగా తీస్తాం, ఒక్కసారికే అయిపోవాలి అన్నాడు. నూకరాజు ఒప్పుకున్నాడు. కెమెరా కూడా సాక్షే.

మర్నాడు పదిగంటలకల్లా ఏడుకొండలు వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నూకరాజు ముఖం ఒక్కసారి చూసి, లైటు స్టాండు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొట్టు మూసేసి సత్తిబాబు కూడా వచ్చి గుమ్మం దగ్గర నక్కాడు.

నూకరాజు చేతులకి పాతకాలం చొక్కా కఫ్ఫులు తొడిగారు. బల్ల మీద తెల్లదుప్పటి, దాని మీద కట్ట. కెమెరా తిరుగుతోంది. ముడి కొస ఎక్కడుందో వేళ్ళు మర్చిపోలేదు. ఒక్క లాగుకి ఊడింది. నూకరాజు గుడ్డలు ఒక్కొక్కటే తీసి పైకి చెబుతూ పేర్చాడు. ఒకటి, రెండు, మూడు.

"పది," అన్నాడు. తల ఎత్తి కెమెరా వైపు కాక లైటు స్టాండు వైపు చూశాడు. "చూశావా బావా? పది."

జయకృష్ణ కట్ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేకప్ చేసే అమ్మాయి కళ్ళు ఒత్తుకుంది. సత్తిబాబు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నూకరాజు ఇంకా బల్ల మీద రెండు చేతులూ ఆన్చి నిలబడే ఉన్నాడు. ఛాతీ మీదనుంచి ఎవరో కాలు తీసినట్టుంది వాడికి.

యశస్విని మాత్రం షాటు కనిపించే టీవీ ముందునుంచి లేచి రాలేదు. పుస్తకంలో ఏదో రాసుకుంది, కొట్టేసింది, తీసిన షాటు వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. తర్వాత మెల్లగా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, మళ్ళీ తీయాల్సొస్తే ఎన్ని పెట్టాలో రాసుకోవాలి కదా, అందుకని ఎంచాను. పదకొండున్నాయి."

"పదమ్మా. ఇప్పుడేగా చెప్పాను."

"పదకొండు బాబాయ్. రెండుసార్లు చూశాను."

నూకరాజుకి చురుక్కుమంది. రైతుబిడ్డకి ఏం తెలుసు ఈ లెక్కలు? రెండో కట్ట తీసి విప్పాడు. ఈసారి ఇంకా గట్టిగా, ఒక్కొక్క గుడ్డనీ బల్లకేసి తట్టుతూ ఎంచాడు. ఒకటి నుంచి పది దాకా. పది దగ్గర ఆగి ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది.

లైటు స్టాండు దగ్గర్నుంచి ఏడుకొండలు కదిలాడు. బల్లదాకా వచ్చి వంగాడు. పేర్చిన దొంతర ముట్టుకోలేదు. దొంతరకి ఎడమవైపు, జానెడు దూరంలో, విడిగా ఒక గుడ్డ ఉంది. కట్ట విప్పగానే అన్నిటికన్నా ముందు నూకరాజు ఎడంచేత్తో తీసి పక్కన పెట్టిన గుడ్డ. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు.

"మరి ఇదెవరిది బావా?"

"అది..." అన్నాడు నూకరాజు. మిగతా మాట వాడు వెతుక్కోలేదు. అమ్మ గంప పక్కన కూర్చున్న పిల్లాడి నోట్లోంచి వచ్చినట్టు దానంతటదే వచ్చేసింది. "అది గంగమ్మది."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది ఇద్దరికే.

"అది అత్త లెక్క," అన్నాడు ఏడుకొండలు. "మొదటి చేప లెక్కలోకి రాదు."

పాపాయమ్మ గంపలోంచి తీసిన మొదటి చేప ఎప్పుడూ పక్కన పడేది. అది సముద్రపు తల్లి గంగమ్మ పేరు చెప్పి కొన్నవాళ్ళకే ఊరికే ఇచ్చేసే చేప. ఆ తర్వాత ఒకటి మొదలు. ఆమె పది అంటే పదకొండు. అందుకే ఆమెని కొసరు అడిగేవాళ్ళు కాదు. పాలెంలో మరెవరికీ ఈ లెక్క లేదు. ఉప్పెనలో మొగుడు పోయాక, ఇద్దరు బిడ్డల్నీ మిగిల్చిందని ఆ తల్లికి ఆవిడ మొక్కుకున్న మొక్కు అది. పక్కన కూర్చుని ఎంచిన పిల్లాడి చేతికి అదొక మొక్కు అని కూడా తెలియదు. ఎంచడమంటే అంతే అనుకుంది ఆ చెయ్యి.

నూకరాజు బల్ల దగ్గరే నిలబడి పదకొండేళ్ళూ వెనక్కి నడిచాడు. కట్ట కట్టేటప్పుడు మొదటి గుడ్డ పక్కన పెట్టి పది ఎంచి, చివర్లో దాన్నీ పైన వేసి చుట్టేవాడు. ఆపరేషను అయ్యాక రక్తపు గుడ్డల్లో మొదటిది చూడకుండానే బకెట్లోకి వేసి, మిగతా పదీ కొక్కేలకి తగిలించేవాడు. కట్టిందీ వాడే, ఎంచిందీ వాడే, కనక పదకొండేళ్ళూ ఒక తప్పు ఇంకో తప్పుని కప్పుకుంటూ పోయింది. ఎన్ని కడుపులు మూశారో, ఒక్కటీ చెడలేదు. ఆ ఒక్కరోజు వాణ్ణి బయటికి పంపారు. జ్ఞానయ్యకి గంగమ్మ లెక్క తెలియదు. చేతికందిన పది గుడ్డలు పది కొక్కేలకి తగిలించాడు. పదకొండోది కుమారి లోపల ఉండిపోయింది.

నేను లోపల ఉంటే నా చెల్లెలు బతికేదని ఇరవయ్యేడేళ్ళు ఊరందరితో వాదించాడు. ఆ మాట నిజమే. వాడు లోపల ఉంటే ఒక గుడ్డ బకెట్లో పడి, ఒక కొక్కెం ఖాళీగా కనిపించేది. వెతికేవాళ్ళు. కుమారి బతికేది. నిజమైన మాట కూడా మనిషిని ఇలా కోస్తుందని వాడికి అంతదాకా తెలియదు.

మరి డాక్టరు ఎందుకు విప్పలేదు? కట్టలు లేవని ఎందుకు అబద్ధం చెప్పాడు? దానికి జవాబు కూడా ముడి మీదే ఉంది. విప్పితే పదే ఉంటే తన తప్పవుతుందని భయపడ్డాడు. పారేయడానికి కూడా భయపడ్డాడు. గుడ్డలు లోపలికి వెళ్ళేముందు ఎంచుకోవాల్సింది డాక్టరే, నూకరాజు కట్టాడంటే ఎంచక్కర్లేదని వదిలేసినవాడూ డాక్టరే. ఇరవై మూడేళ్ళు ఆ డ్రమ్ముని ఇంట్లో పెట్టుకుని, ఎవర్నీ ముట్టుకోనివ్వక, తను ఎంతవరకూ హంతకుడో తెలుసుకోకుండానే పోయాడు.

నూకరాజు జయకృష్ణ దగ్గరికెళ్ళి సీను మార్చమని అడిగాడు. డాక్టరు తప్పు లేదండీ, అంటే మొత్తం లేదని కాదు, నౌకరుదీ ఉంది, నౌకరుదే ముందు అన్నాడు. జయకృష్ణ ఓపిగ్గా విన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. పెద్ద డాక్టరు వేషం వేసినాయన నిన్ననే వెళ్ళిపోయాడని, చూసేవాడికి తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలని, చేతుల షాటు అద్భుతంగా వచ్చిందని చెప్పాడు. పది గుడ్డలే కనిపించేలా అంచు కత్తిరిస్తారట. ఎడమవైపున్న ఆ ఒక్కటీ తెరమీదికి రాదు.

మూడో కట్ట మాత్రం నూకరాజు వాళ్ళకి ఇవ్వలేదు. సంచిలో వేసుకుని ఏడుకొండలుతో కలిసి అవనిగడ్డ బస్సెక్కాడు. పులిగడ్డ దగ్గర బస్సు కృష్ణ వంతెన మీదికి వచ్చాక ఏడుకొండలు నోరు విప్పాడు.

"నిజమో కాదో తెలియకుండా ఇన్నేళ్ళు నిన్ను తిట్టా బావా. ఇప్పుడు నిజమని తెలిసింది. తిట్టబోతే నోరు రావట్లేదు."

"తిట్టు బావా. తిడితే బాగుండు."

ఏడుకొండలు తిట్టలేదు. అవనిగడ్డలో బస్సు మారేటప్పుడు టీ ఇప్పించాడు. గ్లాసు చేతికిస్తూ, అత్తకి తెలియనీకు, ఎనభై దాటిన మనిషి, తన మొక్కు తన బిడ్డనే తిన్నదని తెలిస్తే రేపు తెల్లారదు అన్నాడు. నూకరాజు తల ఊపాడు. దారిలో వాడి పొలం వచ్చింది. ఇప్పుడది నరేంద్ర రొయ్యల చెరువు. నీళ్ళకి గాలి కొట్టే తెల్లటి చక్రాలు తిరుగుతున్నాయి. ఎప్పుడూ అటు రాగానే తల పక్కకి తిప్పుకునేవాడు. ఈసారి చివరిదాకా చూశాడు.

పాపాయమ్మ వాకిట్లో చాప మీద ఎండుచేపలు ఏరుతోంది. వెలుతురు ఇంకా ఉంది. కొడుకూ అల్లుడూ ఒక్క బస్సు దిగి కలిసి రావడం చూసి ఆమెకి విషయం తెలిసిపోయినట్టే. సంచి వైపు చెయ్యి చాచింది.

"ఏదీ, ఇటియ్యి. నా కళ్ళతో చూసుకోవాలి."

నూకరాజు ఇవ్వలేదు. ఆమే లాక్కుంది. ముడి ఆవిడకి కొత్తదా? మొగుడు నేర్పితే కొడుక్కి నేర్పింది ఆవిడే. చేపల వాసన వేళ్ళతో కొస పట్టి లాగింది. కట్ట ఊడింది. ఒడిలో పరుచుకుని, మొదటి గుడ్డ తీసి ఎడమ మోకాలి పక్కన చాప మీద పెట్టింది. ఒక్క క్షణం కళ్ళు మూసి సముద్రం వైపు దణ్ణం పెట్టుకుంది. తర్వాత ఎంచింది.

ఏడుకొండలు వెనక్కి తిరిగి కొబ్బరిచెట్టుకి తల ఆన్చాడు.

"పది," అంది పాపాయమ్మ. కళ్ళనీళ్ళు బుగ్గల ముడతల్లో దారి తప్పుతున్నాయి. "నేను చెప్పలా? నా బిడ్డ లెక్క ఎప్పుడూ తప్పదని చెప్పలా? ఆ డాక్టరు..."

"అమ్మా." నూకరాజు ఆమె చేతులు పట్టుకున్నాడు. "చాల్లే. పోయినోణ్ణి ఇంక తిట్టకు."

ఆవిడ వింతగా చూసింది. గెలిచినవాడు ఇలా అంటాడేమిటని కాబోలు. ఆ గుడ్డలన్నీ కుమారివే అన్నట్టు మళ్ళీ మడతపెట్టడం మొదలెట్టింది. ముందు పదీ, ఆ పైన పక్కనున్నదీ.

అప్పుడే ఏడుకొండలు జేబులో ఫోను మోగింది, తీసి నూకరాజుకిచ్చాడు. యశస్విని. వెళ్ళేటప్పుడు మాట్లాడలేకపోయానంది. ఆ భాగం చివర నల్లతెర మీద నౌకరు గురించి రెండు వాక్యాలు వేద్దామని జయకృష్ణ గారు అంటున్నారట, వద్దంటే ఆపుతానంది. పొలం సంగతి కూడా అందులో రాశారు.

"రెండెకరాలు పోగొట్టుకున్నాడు అని ఉంది బాబాయ్. మీరు ఎప్పుడూ అలాగే అంటారు కదా. అదే ఉంచమంటారా?"

వాకిట్లో నుంచి చూస్తే కరకట్ట అవతల చెరువు నీళ్ళు మెరుస్తున్నాయి. ఇరవయ్యేడేళ్ళలో కోపం పెరిగిన కొద్దీ ఆ పొలమూ పెరిగింది. మొదట ఎకరన్నర అయింది, తర్వాత రెండయింది. ఇంకొన్నాళ్ళు పోతే మూడయ్యేదే. దస్తావేజు మీద ఉన్నది వాడికి తెలుసు, సంతకం పెట్టినవాడు వాడే.

"కాదమ్మా," అన్నాడు నూకరాజు. "సరిగ్గా రాసుకో. ఎకరం ముప్పై రెండు సెంట్లు."